ఉల్కాశిలల్లో షాక్‌తో పుట్టిన అధిక పీడన ఖనిజాలు: ఎక్కడ వెతకాలి, ఎలా గుర్తించాలి, ఎలా అర్థం చేసుకోవాలి

రెండు గ్రహశకలాలు సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో గుద్దుకుంటే, ఆ దెబ్బకు (దీన్నే షాక్ అంటారు) రాయిలో పుట్టే ఒత్తిడి భూమి లోపల 400 నుంచి 700 కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడిని అందుకుంటుంది. అంత లోతుకు మనం తవ్వలేం. కానీ ఆ లోతుల్లో ఉండే ఖనిజాలే అరచేతిలో పట్టే ఉల్కాశిలలో దొరుకుతాయి. రింగ్‌వుడైట్, వాడ్స్‌లీయైట్, మేజరైట్, బ్రిడ్జ్‌మనైట్ అనే నాలుగు పేర్లూ ముందు ఉల్కాశిలల్లో దొరికిన స్ఫటికాలకే పెట్టారు.

భూగర్భ శాస్త్రం చదువుతున్నవాళ్లకీ, ఉల్కాశిల ముక్క దగ్గరుండి ల్యాబ్‌లో పని చేసే అవకాశం ఉన్నవాళ్లకీ ఈ మార్గదర్శి. ఒక్క విషయం మొదటే చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఈ ఖనిజాలు పుట్టాలంటే ఒత్తిడి ఒక్కటే చాలదు. ఒత్తిడి ఉన్నంతసేపూ వేడి కూడా ఉండాలి, ఒత్తిడి పోయేలోపు ఆ వేడి దిగిపోవాలి. ఈ రెండూ కుదిరిన చోటు రాయిలో చాలా తక్కువ. ఆ చోటు ఏదో తెలిస్తే సగం పని అయినట్టే.

ముందుగా: ఏ ఖనిజం దేనిగా మారుతుంది

సాధారణ కాండ్రైట్ అనే, ఎక్కువగా దొరికే రాతి రకం ఉల్కాశిలల్లో ఎక్కువగా ఉండేవి ఆలివీన్, పైరాక్సీన్, ప్లేజియోక్లేజ్, ఇనుము-నికెల్ లోహం, ట్రోయిలైట్ అనే ఇనుప సల్ఫైడ్. వీటితోపాటు కొద్దిగా ఫాస్ఫేట్. ప్రతి ఖనిజానికీ ఒత్తిడిలో తనదైన దారి ఉంటుంది.

ఆలివీన్ దారి అన్నిటికంటే బాగా తెలిసింది. దాదాపు 13–14 గిగాపాస్కల్‌ల (ఒక్కోటీ దాదాపు పదివేల వాతావరణ పీడనాలకు సమానం) దగ్గర అది వాడ్స్‌లీయైట్ అవుతుంది, 18–20 దగ్గర రింగ్‌వుడైట్ అవుతుంది, 23–24 దాటితే బ్రిడ్జ్‌మనైట్‌గానూ మెగ్నీషియం-ఇనుప ఆక్సైడ్‌గానూ విడిపోతుంది. భూమి లోపల 410, 520, 660 కిలోమీటర్ల దగ్గర భూకంప తరంగాల వేగం మారడానికి కారణం ఈ మార్పులే. మూలకాలు అవే, పరమాణువుల అమరిక మాత్రం మారుతుంది. ఇనుము లేని శుద్ధ రూపాలను పోల్చి చూస్తే ఆలివీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.22 గ్రాములు, వాడ్స్‌లీయైట్‌ది 3.47, రింగ్‌వుడైట్‌ది 3.56.

పైరాక్సీన్ ఎక్కువ వేడిలో మేజరైట్ అనే గార్నెట్‌గా మారుతుంది. వేడి కాస్త తక్కువైతే అకిమోటోయైట్ అవుతుంది, ఒత్తిడి ఇంకా పెరిగితే బ్రిడ్జ్‌మనైట్ అవుతుంది. ప్లేజియోక్లేజ్ చాలాసార్లు స్ఫటికంగా మిగలకుండా మాస్కెలినైట్ అనే గాజు అవుతుంది. రాయి కరిగి ఏర్పడిన సన్నటి గీతల్లాంటి వేడి సిరల దగ్గరైతే జేడైట్‌గానో లింగునైట్‌గానో కనిపిస్తుంది. ఫాస్ఫేట్ నుంచి ట్యూయైట్ వస్తుంది. సిలికా నుంచి కోయెసైట్, స్టిషోవైట్, సీఫర్టైట్ వస్తాయి. సిలికా కాండ్రైట్లలో చాలా అరుదు కాబట్టి ఈ చివరి మూడింటి కోసం అంగారకుడి, చంద్రుడి ఉల్కాశిలలు చూడటం మేలు.

మొదటి మెట్టు: సరైన రాయిని ఎంచుకోవడం

ప్రతి ఉల్కాశిలా ఇంత దెబ్బ తిన్నది కాదు. మెటియోరిటికల్ బులెటిన్ డేటాబేస్‌లో ఉల్కాశిల పేరు కొడితే దాని తరగతి, చాలావాటికి షాక్ దశ కూడా కనిపిస్తుంది. స్టోఫ్లర్, కైల్, స్కాట్ 1991లో ప్రతిపాదించిన ఆ కొలమానం ఎస్1 నుంచి ఎస్6 దాకా ఉంటుంది. ఎస్1 అంటే దాదాపు దెబ్బ తగలనిది, ఎస్6 అంటే తీవ్రంగా దెబ్బతిన్నది. మనకు కావాల్సినవి ఎస్5, ఎస్6. ఎస్4లోనూ నల్లటి సిరలు బాగుంటే ప్రయత్నించవచ్చు.

తరగతుల్లో ఎల్ కాండ్రైట్లకు (ఇనుము తక్కువున్న సాధారణ కాండ్రైట్లు) మొదటి ఓటు నాది. దాదాపు 47 కోట్ల సంవత్సరాల క్రితం వాటి మాతృ గ్రహశకలం పెద్ద ఢీకొట్టులో ముక్కలైంది. ఆ దెబ్బ ఆనవాళ్లు ఈ తరగతి రాళ్లలో చాలావాటి మీద ఉన్నాయి. పేరు మోసిన నమూనాలు కూడా ఎక్కువగా ఇవే. 1879లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పడిన టెన్‌హామ్‌లో రింగ్‌వుడైట్, అకిమోటోయైట్, బ్రిడ్జ్‌మనైట్ మూడూ మొదటిసారి దొరికాయి. 1963లో కెనడాలో పడిన పీస్ రివర్‌లో వాడ్స్‌లీయైట్, 1986లో చైనాలో పడిన సుయ్‌జౌలో ట్యూయైట్ బయటపడ్డాయి.

అంగారకుడి రాళ్లదీ పెద్ద కథే. 1865 ఆగస్టు 25న బీహార్‌లోని షేర్‌ఘాటీ దగ్గర పడిన రాయి ప్రపంచానికి షెర్గోటీగా తెలుసు. షెర్గొటైట్ అనే అంగారక శిలల తరగతికి పేరు అక్కడి నుంచే వచ్చింది. 1872లో ఆస్ట్రియా ఖనిజశాస్త్రవేత్త చెర్మాక్ అందులోనే మాస్కెలినైట్‌ను వర్ణించాడు, చాలా కాలం తర్వాత సీఫర్టైట్ కూడా అందులోనే దొరికింది. మన నేల మీద పడిన రాయి ఈ రంగం మొత్తానికి ఒక పునాదిరాయి కావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది.

వీలైనంత వరకు, పడటం కళ్లారా చూసి వెంటనే ఏరిన రాయినే తీసుకోండి. ఏళ్ల తరబడి ఎడారిలో పడి ఉన్న రాళ్లలో లోహం తుప్పు పట్టి పగుళ్లన్నీ నిండిపోతుంది, పని రెట్టింపవుతుంది.

రెండో మెట్టు: నల్ల సిరను కనిపెట్టి, సరిగ్గా కోయడం

కోసిన ముఖం మీద సన్నటి నల్లటి గీతల్లా కనిపించేవే షాక్ సిరలు. వెంట్రుకంత సన్నవి ఉంటాయి, కొన్ని మిల్లీమీటర్ల మందంవీ ఉంటాయి. రాయి పొరలు ఒకదానిపై ఒకటి జారి రాపిడికి గానీ, ఖాళీలు నలిగిపోయినప్పుడు గానీ అక్కడ మాత్రమే వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటి, రాయి కరిగింది. చుట్టుపక్కల రాయి కొన్ని వందల డిగ్రీల దగ్గరే ఉండిపోయింది. ఒత్తిడి మాత్రం రెండు చోట్లా ఒకటే.

మొదట చెప్పిన మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. సిరకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న ఆలివీన్ అంతే ఒత్తిడి చవిచూసినా ఆలివీన్‌గానే మిగిలిపోయింది, ఎందుకంటే పరమాణువులు కదిలి కొత్తగా అమరడానికి కావాల్సిన వేడి దానికి అందలేదు. సిరలో చిక్కుకున్న ఆలివీన్ ముక్క మాత్రం రింగ్‌వుడైట్ అయింది. ఆ తర్వాత చుట్టూ ఉన్న చల్లటి రాయి ఆ వేడిని లాగేసుకుంది, ఎర్రగా కాల్చిన ఇనుమును నీళ్లలో ముంచినట్టు. అలా చల్లారబట్టే రింగ్‌వుడైట్ మనదాకా వచ్చింది. చల్లారకముందే ఒత్తిడి పోయి ఉంటే మళ్లీ ఆలివీన్ అయిపోయేది. మామూలు ఒత్తిడిలో 900 డిగ్రీలు దాటితే ఈ ఖనిజాలు చూస్తుండగానే వెనక్కి మారిపోతాయి. ఎస్6 రాళ్లలో కూడా పూర్తిగా కరిగి నెమ్మదిగా చల్లారిన భాగాల్లో ఇవి కనిపించకపోవడానికి కారణం అదే.

నల్లగా కనిపించే ప్రతి గీతా షాక్ సిర కాదు. రాయి బయటి అంచున ఉండే నల్లటి పొర గాలిలో కాలినప్పుడు ఏర్పడ్డది, దాన్ని వదిలేయండి. ఎర్రమట్టి రంగు కలిసిన గీత అయితే అది తుప్పు నిండిన పగులు. అసలు సిర గుర్తు ఏమిటంటే, నునుపు చేసి పైనుంచి వెలుగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే నల్లటి పదార్థం నిండా గుండ్రటి లోహ, సల్ఫైడ్ చుక్కలు మెరుస్తాయి. కరిగిన రాయిలో కరిగిన లోహం కలవక విడిగా చుక్కలు కట్టిన గుర్తు అది. సిర నల్లగా కనిపించడానికి కారణం కూడా ఈ చుక్కలే.

కోసేటప్పుడు సిరకు అడ్డంగా కోయండి. ఏటవాలుగా కోస్తే సిర ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది, చివర్లో చేసే సమయం లెక్క మొత్తం తప్పుతుంది. తక్కువ వేగం వజ్రపు రంపం వాడండి, ముక్కను వేడెక్కనివ్వొద్దు, వేడి పెట్టకుండా గట్టిపడే ఎపాక్సీని ఎంచుకోండి. 30 మైక్రాన్ల మందంలో రెండు వైపులా నునుపు చేసిన థిన్ సెక్షన్ చేయించండి, పైన గాజు పలక అతికించొద్దు. అతికిస్తే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పనికి రాదు. కోయడానికి ముందు రాయి మీద అయస్కాంతం పెట్టే అలవాటుంటే మానుకోండి, అందులోని పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి.

మూడో మెట్టు: పోలరైజింగ్ మైక్రోస్కోప్

ఖరీదైన పరికరాల దగ్గరికి పరిగెత్తకముందు ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. నా ఉద్దేశంలో ఈ మెట్టును తొందరగా దాటేసినవాళ్లు తర్వాత రామన్ (లేజర్ వెలుగుతో ఖనిజాన్ని గుర్తించే పరికరం) దగ్గర రోజుల తరబడి గుడ్డిగా వెతుకుతారు.

మొదట సిరకు దూరంగా ఉన్న ఆలివీన్ చూడండి. పోలరైజర్లు రెండూ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి స్టేజీ తిప్పినప్పుడు రేణువు మొత్తం ఒక్కసారిగా చీకటైతే దెబ్బ తగలనట్టే. చీకటి అలలా ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పాకితే స్వల్ప షాక్. సమాంతరంగా పగుళ్ల గీతలు ఉంటే ఎస్3. రేణువు చిన్న చిన్న గళ్లుగా విడిపోయి ఒక్కో గడి ఒక్కోసారి చీకటైతే ఎస్4, ఎస్5.

తర్వాత ప్లేజియోక్లేజ్ ఉండాల్సిన చోట్లు చూడండి. స్టేజీ ఎంత తిప్పినా ఎప్పుడూ చీకటిగానే ఉంటే, పగుళ్లు లేకుండా నున్నగా ఉంటే, అది మాస్కెలినైట్. ఇది స్ఫటికం కాదు, గాజు. ఘన రూపంలోనే దాని అమరిక చెదిరిపోయిందా, లేక ఒత్తిడిలో కరిగి గట్టిపడిందా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి మీ నోట్సులో రూపం మాత్రం రాసుకోండి, పుట్టుక గురించి తొందరపడొద్దు.

ఇప్పుడు సిర లోపలికి రండి. నల్లటి పదార్థంలో తేలుతున్నట్టు గుండ్రటి అంచులతో రాతి ముక్కలు కనిపిస్తాయి. మామూలు వెలుతురులో వాటిలో కొన్ని నీలంగానో ఊదాగానో ఉంటే గుండె ఒక్కసారి వేగం పుంజుకుంటుంది, అది రింగ్‌వుడైట్ కావచ్చు. పోలరైజర్లు అడ్డం పెట్టండి. అదీ చీకటిగానే ఉంటుంది, ఎందుకంటే దాని నిర్మాణం ఘనాకార సౌష్ఠవం ఉన్నది. రంగు లేని రింగ్‌వుడైట్ కూడా ఉంటుంది కాబట్టి రంగు కనపడలేదని వదిలేయొద్దు. సిర అంచున ఉన్న పెద్ద ఆలివీన్ రేణువులను కూడా జాగ్రత్తగా చూడండి. సిరను తాకే వైపు మాత్రం సన్నటి సమాంతర చారలుగా రింగ్‌వుడైట్ చొచ్చుకుపోయి, అవతలి వైపు ఆలివీన్ అలాగే మిగిలి ఉండటం కనిపించవచ్చు. వేడి ఎంత దూరం వెళ్లిందో ఆ ఒక్క రేణువే చెబుతుంది. అలాంటిది దొరికితే ఫొటో తీసి, సిర అంచు నుంచి ఎన్ని మైక్రాన్ల దాకా మార్పు జరిగిందో కొలిచి పెట్టుకోండి.

మేజరైట్ కూడా గార్నెటే కాబట్టి చీకటిగానే ఉంటుంది. మాస్కెలినైట్, రింగ్‌వుడైట్, మేజరైట్ మూడూ చీకటిగా ఉన్నప్పుడు మైక్రోస్కోప్ ఒక్కదానితో తేల్చలేం. అనుమానం ఉన్న చోట్లన్నీ సెక్షన్ ఫొటో మీద గుర్తు పెట్టుకుని ముందుకెళ్లండి.

నాలుగో మెట్టు: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్

ఇక్కడ ఒక్కటే గుర్తుంచుకోవాలి. మూలకాల విశ్లేషణ రింగ్‌వుడైట్‌నూ ఆలివీన్‌నూ వేరు చేయలేదు, రెండింట్లోనూ మూలకాలు అవే. కానీ మెగ్నీషియం, ఇనుము కలిపి సిలికాన్‌కు రెట్టింపు ఉంటే అది ఆలివీన్ కుటుంబం, సమానంగా ఉంటే పైరాక్సీన్ కుటుంబం అని తేలుతుంది. తర్వాతి మెట్టులో ఈ లెక్క అక్కరకొస్తుంది. బ్యాక్‌స్కాటర్ చిత్రంలో (బరువైన మూలకాలున్న చోటు ఎక్కువ తెల్లగా కనిపించే ఎలక్ట్రాన్ చిత్రం) ఒకే ముక్కలో బూడిద రంగు తేడాలు కనిపిస్తే, మార్పు జరిగేటప్పుడు ఇనుము ఒక పక్కకు చేరిందని అర్థం. అధిక పీడన ముక్కలు పక్కనున్న ఆలివీన్ కంటే నున్నగా, పగుళ్లు తక్కువగా కనిపిస్తాయి.

సిర మధ్యలోని సన్నటి పదార్థాన్ని మర్చిపోకండి. చిన్న చిన్న గార్నెట్ స్ఫటికాలు, వాటి మధ్య మెగ్నీషియం-ఇనుప ఆక్సైడ్ ఉన్నాయా లేవా అన్నది చివరి లెక్కకు ప్రాణం.

ఐదో మెట్టు: రామన్

అసలు గుర్తింపు జరిగేది ఇక్కడే. మొదట సిలికాన్ ముక్క మీద 520.5 సెం.మీ.⁻¹ శిఖరంతో పరికరాన్ని సరిచేసుకోండి. ఆ తర్వాత మీ రాయిలోనే సిరకు దూరంగా ఉన్న మామూలు ఆలివీన్, పైరాక్సీన్ వర్ణపటాలు తీసి దగ్గర పెట్టుకోండి. పుస్తకంలోని అంకెల కంటే మీ రాయిలోని పోలిక నమ్మదగింది, ఎందుకంటే ఇనుము శాతాన్ని బట్టి శిఖరాలు కొద్దిగా జరుగుతాయి. కింది అంకెలు అన్నీ సెం.మీ.⁻¹ లో, సుమారుగా:

- ఆలివీన్: 820–825, 850–857 దగ్గర జంట శిఖరాలు
- రింగ్‌వుడైట్: 795, 840 దగ్గర జంట
- వాడ్స్‌లీయైట్: 720, 918
- మేజరైట్: 930 దగ్గర బలమైన వెడల్పాటి శిఖరం
- అకిమోటోయైట్: 800 దగ్గర బలమైనది
- లింగునైట్: 765
- జేడైట్: 700, దానితో 375, 1040 దగ్గర మరికొన్ని
- ట్యూయైట్: 975 దగ్గర ఒక్కటే బలమైనది. మామూలు ఫాస్ఫేట్ మెరిలైట్‌కు 958 దగ్గర ఇంకొకటి కూడా ఉంటుంది
- కోయెసైట్ 521, స్టిషోవైట్ 753

ఎక్కువమంది తికమక పడే చోటు 795–800. రింగ్‌వుడైటూ అకిమోటోయైటూ రెండూ అక్కడే శిఖరం చూపిస్తాయి. 840 దగ్గర జోడీ ఉందా లేదా చూడండి, ఆ తర్వాత నాలుగో మెట్టులో తీసిన నిష్పత్తి చూడండి. జోడీ లేకుండా, నిష్పత్తి సమానంగా ఉంటే అకిమోటోయైట్ వైపు మొగ్గాలి. రెండూ కలిసి ఒకే చోట ఉండొచ్చు కూడా, రేణువులు చాలాసార్లు ఒక మైక్రాన్ కంటే చిన్నవి, లేజర్ చుక్క వాటికంటే పెద్దది.

లేజర్ శక్తిని నమూనా మీద కొన్ని మిల్లీవాట్ల లోపే ఉంచండి. నల్లటి సిర వేడిని బాగా పీల్చుకుంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉందని శక్తి పెంచితే మీరు వెతుకుతున్న ఖనిజమే మీ చేతుల్లో చెడిపోతుంది. శక్తి పెంచకుండా సమయం పెంచండి. ఒకే చోట రెండుసార్లు కొలిచి, రెండోసారి శిఖరాలు తగ్గి వెడల్పయ్యాయేమో చూసుకోండి.

ఆరో మెట్టు: నిర్మాణాన్ని రుజువు చేయడం

పేరున్న ఖనిజాన్ని గుర్తించడానికి రామన్ చాలు. కొత్తది దొరికిందని చెప్పాలంటే మాత్రం ఎక్స్-రే వివర్తనంతో గానీ ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో గానీ స్ఫటిక నిర్మాణం చూపించాలి. బ్రిడ్జ్‌మనైట్ చరిత్ర దీనికి మంచి పాఠం. భూమి ఘనపరిమాణంలో మూడో వంతుకు పైగా ఉన్న ఖనిజం అదే అని అంచనా. అయినా ప్రకృతిలో దొరికిన నమూనాను సరిగ్గా వర్ణించలేకపోవడంతో 2014 దాకా దానికి పేరే లేదు. ఎలక్ట్రాన్ పుంజం తగిలితే అది గాజుగా మారిపోతుంది. చివరికి అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల సింక్రోట్రాన్‌లో (అతి శక్తిమంతమైన ఎక్స్-రేలు ఇచ్చే యంత్రం) సన్నటి ఎక్స్-రే పుంజంతో టెన్‌హామ్ సిరను పరీక్షించి దాన్ని పట్టుకున్నారు. అధిక పీడన భౌతిక శాస్త్రానికి 1946లో నోబెల్ అందుకున్న పెర్సీ బ్రిడ్జ్‌మన్ పేరు పెట్టారు.

అందుకే బ్రిడ్జ్‌మనైట్ ఉంటుందన్న అనుమానం ఉన్న సిరలో కొంత భాగాన్ని ఎలక్ట్రాన్ పుంజం తగలకుండా ముందే పక్కన పెట్టుకోవాలి.

ఏడో మెట్టు: ఒత్తిడి, సమయం లెక్క

ఇక్కడే అంకెలు చాలా తప్పుతాయి. 1991 కొలమానంలో రింగ్‌వుడైట్ కనిపిస్తే ఎస్6, ఎస్6 అంటే 75–90 గిగాపాస్కల్‌లు. ఈ అంకెలు ల్యాబ్‌లో చేసిన షాక్ ప్రయోగాల నుంచి వచ్చాయి. ఆ ప్రయోగాల్లో ఒత్తిడి నిలిచేది మైక్రోసెకన్ల పాటే. రింగ్‌వుడైట్ బాగా పెరగడానికి ఆ సమయం సాధారణంగా చాలదు. గ్రహశకలాల ఢీకొట్టులో ఒత్తిడి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. 1996లో చైనాలోని సిషియాంగ్‌కౌ ఉల్కాశిల సిరలో గార్నెట్, మెగ్నీషియం-ఇనుప ఆక్సైడ్ జంటను చూసి, సిర గట్టిపడినప్పటి ఒత్తిడి 20–24 గిగాపాస్కల్‌లు అని లెక్క కట్టారు. 75కూ దీనికీ ఎంత తేడా! కాబట్టి రింగ్‌వుడైట్ కనపడగానే 75 అని రాసేయొద్దు. ముక్కల్లోని ఖనిజాల కంటే, సిర కరిగిన పదార్థం నుంచి స్ఫటికీకరించిన ఖనిజాల జంటనే నమ్మండి. అది గార్నెట్, ఆక్సైడ్ జంట అయితే పైన చెప్పిన పరిధి. బ్రిడ్జ్‌మనైట్ నేరుగా కరిగిన దాన్నుంచి పుట్టిందని తేలితే అంతకంటే ఎక్కువ. ఇది సిర గట్టిపడిన వేళ ఉన్న ఒత్తిడి. దెబ్బ తగిలిన తొలి క్షణంలో అంతకంటే ఎక్కువ ఉండి ఉండవచ్చు.

సమయం లెక్క సులువు. రాతిలో వేడి పాకే రేటు సెకనుకు సుమారు 1 చదరపు మిల్లీమీటరు. సిర మందంలో సగాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేస్తే, సిర మధ్య భాగం చల్లారడానికి పట్టే సమయం సెకన్లలో సుమారుగా వస్తుంది. 1 మిల్లీమీటరు సిరకు సగం 0.5, దాని వర్గం 0.25, అంటే పావు సెకను. 0.1 మిల్లీమీటరు సిరకు 0.0025 సెకను. మందం పదో వంతైతే సమయం నూరో వంతు. కోత ఏటవాలుగా ఉండొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఇప్పుడు ఆ 1 మిల్లీమీటరు సిరను అంచు నుంచి మధ్యకు నడిచినట్టు చూడండి. అంచు నుంచి మధ్య దాకా గార్నెట్, ఆక్సైడ్ జంటే ఉంటే, ఒత్తిడి కనీసం ఆ పావు సెకనంతా నిలిచింది. అంచున గార్నెట్ ఉండి మధ్యలో ఆలివీన్, పైరాక్సీన్, గాజు కనిపిస్తే, మధ్య భాగం చల్లారేలోపే ఒత్తిడి పడిపోయింది. ఒక సిర సన్నదీ, ఒకటి మందపాటిదీ ఉన్న సెక్షన్ దొరికితే ఒత్తిడి ఎంతసేపు నిలిచిందో రెండు వైపుల నుంచీ బిగించవచ్చు. అక్కడి నుంచి ఢీకొన్న వస్తువు పరిమాణానికి కూడా వెళ్లొచ్చు. షాక్ తరంగం ఆ వస్తువులోకి వెళ్లి తిరిగి వచ్చేదాకా ఒత్తిడి నిలుస్తుందనుకుని, తరంగ వేగం సెకనుకు 7–8 కిలోమీటర్లు అనుకుంటే, ఒక సెకను నిలిచిన ఒత్తిడికి దాదాపు నాలుగు కిలోమీటర్ల వస్తువు కావాలి. ఇది మొదటి అంచనా మాత్రమే, అలాగని చిన్నదేమీ కాదు. ఒక మిల్లీమీటరు నల్ల గీతను చూసి, అంతరిక్షంలో ఎప్పుడో ఢీకొన్న కొండ సైజు చెప్పగలుగుతున్నాం.

చివరి మెట్టు: రాసి పెట్టడం

ప్రతి ఖనిజం గుర్తింపు పక్కనా అది సిరలోపలి ముక్కా, సిర పదార్థమా, పక్కనున్న రాయా అన్నది తప్పకుండా రాయండి. ఈ ఒక్క మాట లేకపోతే మీ రింగ్‌వుడైట్ తర్వాత ఎవరికీ పనికి రాదు. సిర మందం, కోత కోణం, సిర అంచు నుంచి దూరం, లేజర్ తరంగదైర్ఘ్యం, నమూనా మీద శక్తి, ఇవన్నీ పట్టికలో ఉంచండి. వెతికినా దొరకని ఖనిజాల పేర్లు కూడా రాయండి. బ్రిడ్జ్‌మనైట్ లేకపోవడం ఒత్తిడికి పైహద్దు కావచ్చు, లేదా తర్వాతి వేడికి గాజైపోయి ఉండవచ్చు. ఆ గాజు కోసం వెతికారా లేదా అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పండి.